పేపర్ చూడగానే మైండ్ బ్లాంక్ అయిపోతోందా? బీటెక్, డిగ్రీ పిల్లలకు నేను చెప్పే పద్ధతి

సెమిస్టర్ పరీక్షల్లో ఇన్విజిలేషన్‌కి వెళ్తే మొదటి పావుగంట నేను ఎవరినీ కదిలించను, పిల్లల చేతులు చూస్తూ ఉంటాను. పేపర్ ఇచ్చిన రెండు నిమిషాలకే కొందరి పెన్ను పరుగు అందుకుంటుంది. ఇంకొందరు పేపర్‌ని ఇటు తిప్పి అటు తిప్పి, అరచేతి చెమట తుడుచుకుని, మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగిపోతారు. వాళ్లందరూ చదవకుండా వచ్చిన వాళ్లేం కాదు. ముందు రోజు సాయంత్రం దాకా నా దగ్గర డౌట్లు అడిగి వెళ్లిన పిల్లలు కూడా అందులో ఉంటారు. ఒకసారి ఓ అబ్బాయి చెయ్యెత్తితే నీళ్లు కావాలేమోనని దగ్గరికి వెళ్లాను. "మేడమ్, అన్నీ చదివాను, ఒక్కటీ గుర్తు రావట్లేదు" అన్నాడు, కళ్ల నిండా నీళ్లు. నేనూ బీటెక్ ఫస్టియర్‌లో ఎం-1 (మ్యాథ్స్) పరీక్ష రోజు అచ్చం అలాగే కూర్చున్నాను, దాదాపు నలభై నిమిషాలు. అప్పుడు ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. అందుకే నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఈ ఒక్క మాట పట్టుకోండి. మనం సెమిస్టర్ అంతా సాధన చేసేది చదవడం. పరీక్షలో చెయ్యాల్సిన పని మాత్రం, పుస్తకం లేకుండా గుర్తు తెచ్చుకుని, గడియారం తిరుగుతుండగా కాగితం మీద పెట్టడం. ఈ రెండూ వేరు వేరు పనులు. రెండో పనిని జీవితంలో మొదటిసారి పరీక్ష హాల్లోనే మొదలుపెడితే, ఒడ్డున కూర్చుని ఈత చూసినవాణ్ణి ఒకేసారి బావిలోకి దించినట్టే ఉంటుంది. భయం వేయడంలో వింతేముంది? కాబట్టి టెన్షన్ తగ్గడానికి చేసే పనిలో ముప్పావు వంతు పరీక్షకు వారాల ముందే జరగాలి. హాల్లో చేసే శ్వాస, నీళ్లు, ధైర్యం చెప్పుకోవడం, ఇవన్నీ మిగతా పావు వంతే.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే సగం కంగారు పోతుంది. పరీక్ష టెన్షన్‌లో రెండు పాయలు ఉంటాయని లీబర్ట్, మోరిస్ అనే పరిశోధకులు 1967లోనే విడదీసి చెప్పారు. ఒకటి ఒంట్లో జరిగేది: గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం, మాటిమాటికీ బాత్రూమ్. రెండోది బుర్రలో తిరిగేది: "ఫెయిలైతే ఎలా, ఇంట్లో ఏం చెప్పాలి, పక్కవాడు అప్పుడే రాసేస్తున్నాడే." మార్కుల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ రెండోదే. లెక్క చెయ్యడానికి, వాక్యం కూర్చడానికి మెదడులో అప్పటికప్పుడు వాడుకునే చోటు చాలా చిన్నది, ఆ చోటంతా ఈ ఆలోచనలే ఆక్రమించేస్తాయి. దానికి తోడు బాగా ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే కార్టిసాల్ హార్మోను, దాచుకున్న విషయాన్ని బయటికి తీయడాన్ని కాసేపు కష్టం చేస్తుంది. అంటే మీరు చదివింది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది, దారి కాసేపు మూసుకుపోయింది అంతే. బయటికొచ్చి బస్సెక్కాక అన్నీ టకటకా గుర్తొస్తాయే, దానికి కారణం ఇదే. గుండె దడ సంగతికొస్తే, పరుగు పందెం ముందు కూడా అలాగే కొట్టుకుంటుంది, ఒళ్లు పనికి సిద్ధమవుతోందని గుర్తు. దాన్ని పూర్తిగా ఆపేయాలని మొండిగా కూర్చోకండి, ఆపాలనుకునే కొద్దీ ధ్యాసంతా దాని మీదికే పోతుంది.

ఖాళీ కాగితం పద్ధతి

ఇక అసలు పని. ఒక యూనిట్‌లో ఒక టాపిక్ చదివారు అనుకోండి, పుస్తకం మూసేయండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి, తెల్ల కాగితం తీసి గుర్తున్నదంతా రాయండి. బొమ్మ, సూత్రం, తలాతోకా లేని పదాలు, ఏదైనా సరే. మొదటిసారి నాలుగు లైన్లు కూడా రావు, ఆ క్షణంలో మనసు చాలా చిన్నబోతుంది, నాకేం రాదు అనిపిస్తుంది. ఆ చిన్నబోవడం పరీక్ష హాల్లో కాకుండా హాస్టల్ గదిలో జరగడమే మనకు కావాల్సింది. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద నింపండి. మర్నాడు మళ్లీ ఖాళీ కాగితం, మూడు నాలుగు రోజులాగి ఇంకోసారి. అంతే.

చదివిందే మళ్లీ మళ్లీ చదివితే మనకు వచ్చేసినట్టు అనిపిస్తుంది, పేజీ మొహం పరిచయం అవుతుంది కాబట్టి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం చూడండి: ఒక గుంపు పాఠాన్ని రెండుసార్లు చదివింది, ఇంకో గుంపు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. "రాత్రి మొత్తం వచ్చింది మేడమ్, పొద్దున్నే పోయింది" అని పిల్లలు చెప్పేదానికి ఇదే లెక్క. వన్ డే బ్యాటింగ్ చేసి, అంటే ముందు రోజు ఒక్కటే చదివి, గట్టెక్కిన సీనియర్లు ప్రతి కాలేజీలో ఉంటారు, కాదనను, కానీ ఆ బ్యాటింగ్‌లో టెన్షన్ తప్పించుకున్నవాణ్ణి నేనింకా చూడలేదు.

రెండు మూడు యూనిట్లు ఇలా అయ్యాక పాత పేపర్లు తీయండి. మొత్తం మూడు గంటలు కూర్చోవడం రోజూ కుదరదు, అక్కర్లేదు కూడా. ఒక పది మార్కుల ప్రశ్న, ముప్పై నిమిషాల టైమర్, కుర్చీ, బల్ల, పరీక్షకు వాడే పెన్ను. మంచం మీద బోర్లా పడుకుని రాసేది లెక్కలోకి రాదు. పరీక్షకు వారం ముందు ఒక్క పేపర్ మాత్రం మొత్తంగా, ఉదయం పదింటికి పరీక్ష ఉంటే ఉదయం పదింటికే కూర్చుని రాయండి. వీలైతే లైబ్రరీలోనో, ఖాళీ క్లాస్‌రూమ్‌లోనో నలుగురు కలిసి రాయండి, చుట్టూ వేరేవాళ్ల పెన్నుల చప్పుడు వినిపిస్తున్నా రాయడం కూడా అలవాటు కావాల్సిన విషయమే. ఇది రెండుసార్లు చేసిన పిల్లల మొహంలో తేడా నాకు హాల్లో అడుగు పెట్టగానే తెలిసిపోతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల భయం సబ్జెక్టు గురించి కాదు, ఇంగ్లీషు గురించి, దాన్ని ఎవరితోనూ చెప్పుకోరు. ఇంటర్ దాకా తెలుగులో చదివి బీటెక్‌లోకో, డిగ్రీ ఇంగ్లీష్ మీడియంలోకో వచ్చిన పిల్ల విషయం తెలిసి కూడా మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో తెలియక పది నిమిషాలు పోగొట్టుకుంటుంది. మీరు తెలుగులో ఆలోచించండి, తప్పేం లేదు. ప్రతి యూనిట్‌కి ఓ ఇరవై సాంకేతిక పదాలు స్పెల్లింగ్‌తో సహా ఒక పేజీలో రాసుకోండి, డెఫినిషన్ ఒక్కటి కచ్చితంగా నేర్చుకోండి, ఆ తర్వాత బొమ్మ గీసి భాగాల పేర్లు పెట్టండి, బొమ్మ చూస్తూ చిన్న చిన్న వాక్యాల్లో వివరించండి. ఒక వాక్యంలో ఒక్క సంగతి. పేపర్ దిద్దే మాకు కావాల్సింది విషయం, అలంకారాలు కాదు. ఖాళీ కాగితం సాధన అందరికంటే మీకే ఎక్కువ పనికొస్తుంది, ఆ మొదటి వాక్యం అప్పటికే పదిసార్లు రాసి ఉంటారు కాబట్టి.

బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ల సంగతి

నాలుగు సబ్జెక్టులు ఉండిపోయిన అబ్బాయికి "ప్రశాంతంగా ఉండు" అని చెప్పడం వల్ల ఒరిగేదేం లేదు. అతనికి కావాల్సింది లెక్క. భయం ఎప్పుడూ మొత్తం కొండలాగే కనిపిస్తుంది, దాన్ని కాగితం మీద పెడితే ముక్కలవుతుంది. ఉదాహరణకి జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్, అంటే ఆ యూనివర్సిటీ పరీక్షల నియమావళి, తీసుకోండి. కాలేజీలో పెట్టే ఇంటర్నల్స్‌కి 40 మార్కులు, సెమిస్టర్ చివర రాసే ఎక్స్‌టర్నల్‌కి 60. పాస్ కావాలంటే ఇంటర్నల్స్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. మీకు ఇంటర్నల్స్‌లో 25 ఉంటే ఎక్స్‌టర్నల్‌లో 21 తెచ్చుకుంటే చాలు, 15 మాత్రమే ఉంటే 25 కావాలి. ఇలా ప్రతి సబ్జెక్టు ఎదురుగా మీకు నిజంగా కావాల్సిన అంకె రాయండి. మూడు మార్కుల్లో పోయిన సబ్జెక్టుని, పదిహేను మార్కుల్లో పోయినదాన్ని ఒకే గాటన కట్టి ఏడవకండి. దగ్గర్లో పోయినవి ముందు తేల్చండి, ఒకటి బయటపడ్డా మనసుకి వచ్చే బలం మామూలుగా ఉండదు. మీది వేరే యూనివర్సిటీ, వేరే రెగ్యులేషన్ అయితే మీ సీనియర్‌ని కాదు, రెగ్యులేషన్ పీడీఎఫ్‌ని నమ్మండి. క్రెడిట్స్ తక్కువైతే డిటైన్ అవుతామా, అంటే పై సంవత్సరానికి వెళ్లనివ్వరా, లేదా అన్నది కూడా అందులోనే రాసి ఉంటుంది, సగం పుకార్లు అక్కడితో ఆగిపోతాయి.

ఆ ఆర్22 పేపర్ తీరు తెలిస్తే హాల్లో టైమ్ కూడా తేలిగ్గా పంచుకోవచ్చు. పార్ట్ ఎ పది మార్కులు, తప్పనిసరి. పార్ట్ బి యాభై, ఐదు యూనిట్ల నుంచి ఒక్కో పది మార్కుల ప్రశ్న, ప్రతిదానిలో ఇదో అదో రాసుకునే ఛాయిస్ ఉంటుంది. మూడు గంటలంటే 180 నిమిషాలు, మార్కుకి మూడు నిమిషాలు. నేనైతే ఒక్కో పెద్ద ప్రశ్నకి ముప్పై కాకుండా ఇరవై ఎనిమిది నిమిషాలే పెట్టుకోమంటాను, మిగిలిన పది నిమిషాలు మొదట్లో పేపర్ చదవడానికి, చివర్లో హాల్ టికెట్ నంబర్, ప్రశ్నల నంబర్లు సరిచూసుకోవడానికి ఉంటాయి.

ముందు రోజు రాత్రి, ఆ పొద్దున

నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. చదివింది మెదడులో స్థిరపడే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుంది, నైట్ అవుట్ చేసి ఆ పనిని మనమే ఆపేస్తున్నాం. పైగా నిద్ర లేని ఒంటికి మామూలు దడ కూడా పెద్ద ప్రమాదంలాగే అనిపిస్తుంది. కనీసం ఆరు గంటలు పడుకోండి. సాయంత్రం ఆరు దాటాక టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి తొమ్మిదికి తాగితే రెండింటికి కూడా సగం లోపలే ఉంటుంది. నిద్ర పట్టకపోతే కంగారు పడకండి, కళ్లు మూసుకుని పడుకున్నా ఒంటికి ఎంతో కొంత విశ్రాంతే. హాల్ టికెట్, ఐడీ కార్డు, రెండు పెన్నులు, కాలిక్యులేటర్, నీళ్ల సీసా రాత్రే బ్యాగులో పెట్టేయండి.

రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో "పక్కా ఇంపార్టెంట్స్" అని ఒక పీడీఎఫ్ వస్తుంది. తెరవకండి. అందులో మీరు చదవనిది ఒక్కటి కనిపిస్తే చాలు, చదివిన నలభై మరిచిపోతారు. ఆ రాత్రికి గ్రూపు మ్యూట్ చేయండి, కుదిరితే డేటా కూడా ఆపేయండి.

పొద్దున్న ఏమీ తినకుండా వెళ్లొద్దు, అలా అని కడుపు నిండా పూరీలు కూడా వద్దు. రెండు ఇడ్లీలో, పెరుగన్నమో, ఎప్పుడూ తినేదే తినండి. సెంటర్‌కి అరగంట ముందు చేరితే చాలు, గంటన్నర ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడితే "ఒరేయ్ ఇది చదివావా, అది చదివావా" అనేవాళ్ల మధ్యే ఉండాలి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్ల భయాన్ని అలా దించుకుంటున్నారు, కానీ ఆ బరువు మీరు ఎత్తుకోనక్కర్లేదు. చెట్టు కింద ఒక్కరే కూర్చుని ఒక పని చేయండి: ఒక కాగితం మీద, ఈ పరీక్ష గురించి మిమ్మల్ని భయపెట్టేదంతా పది నిమిషాలు దాపరికం లేకుండా రాయండి. రామిరెజ్, బైలాక్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఈ పద్ధతిని పరీక్షించి చూశారు, ఎక్కువ టెన్షన్ పడే పిల్లలకే దీనివల్ల ఎక్కువ లాభం కనిపించింది. తిరుగుతున్న ఆలోచన కాగితం మీదికి దిగితే బుర్రలో ఆ మేరకు చోటు ఖాళీ అవుతుందన్నమాట. రాశాక ఆ కాగితం చింపి బయటే పారేయండి, పొరపాటున కూడా జేబులో పెట్టుకుని హాల్లోకి రావద్దు, స్లిప్ అనుకుంటారు.

హాల్లో అంతా ఖాళీ అయిపోతే

పెన్ను కింద పెట్టండి. రెండు పాదాలు నేలకి ఆనించండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి తీసుకుని, ఆరు లేదా ఎనిమిది అంకెల సేపు మెల్లగా వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే తగ్గుతుంది, అందుకే వదిలే సమయం ఎక్కువ ఉండాలి. ఇలా పదిసార్లు చేస్తే రెండు నిమిషాలు అవుతుంది. 180 నిమిషాల్లో రెండు నిమిషాలు పోతే పోనీ. ఇది కూడా ముందే ఇంట్లో రోజూ ఒకసారి చేసి ఉండాలి, హాల్లో కొత్తగా మొదలుపెడితే పెద్దగా పనిచేయదు.

తర్వాత పేపర్ మొత్తం చదివి, మీకు అన్నిటికంటే బాగా తెలిసిన, చుట్టంలాంటి ప్రశ్న ఒక్కటి వెతకండి, చిన్నదైనా సరే. దానితో మొదలుపెట్టండి. మొదటి ప్రశ్నే మొదట రాయాలన్న రూలేం లేదు, నంబర్ సరిగ్గా వేస్తే చాలు. ఏదీ తట్టకపోతే బుక్‌లెట్ చివరి పేజీలో 'రఫ్ వర్క్' అని పైన రాసి, ఆ యూనిట్‌లో గుర్తున్న ఒక్క సూత్రమో, ఒక్క పదమో, బొమ్మలో ఒక భాగమో పెట్టండి, దాన్ని పట్టుకుని పక్కది వస్తుంది. ఒక ప్రశ్న మధ్యలో ఆగిపోతే అక్కడ అరపేజీ వదిలి ముందుకు వెళ్లండి. పక్కవాడు బుక్‌లెట్ ఎంత నింపాడో చూడొద్దు, పేజీల్ని తూకం వేసి మార్కులు వేయం. చేతులు బాగా వణుకుతుంటే ఇన్విజిలేటర్‌ని నీళ్లు అడగండి, చెప్పుకోండి, మేమూ ఈ బెంచీల మీద కూర్చుని వచ్చినవాళ్లమే. ఆ రోజు ఆ అబ్బాయికి "ముందు నీళ్లు తాగు నాన్నా, పార్ట్ ఎ లో నీకు తెలిసిన బిట్ ఒక్కటి చూపించు" అన్నాను. చూపించాడు. రాయడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక జవాబులు సరిచూసుకోవడం మొదలుపెడితే తర్వాతి పరీక్ష అక్కడే పాడవుతుంది. గేటు దాటాక ఆ సబ్జెక్టు ఊసెత్తొద్దని స్నేహితులంతా ముందే మాటిచ్చుకోండి.

అమ్మానాన్నలు ఇది చదువుతుంటే, ఒక్క విన్నపం. పరీక్ష అవగానే ఫోన్ చేసి "ఎన్నొస్తాయి?" అని అడక్కండి, "తిన్నావా, ఎన్నింటికి వస్తావు?" అని అడగండి. "నీ కోసం పొలం అమ్మాం" అన్న మాట నిజమే అయినా, అది పరీక్షల నెలలో చెప్పే మాట కాదు. పిల్లలకు ఆ సంగతి తెలుసు, రాత్రి నిద్ర పట్టనివ్వనిది చాలాసార్లు అదే.

టెన్షన్ కాదు, ఇంకేదో అనిపిస్తే

రెండు వారాలకు మించి నిద్ర సరిగ్గా లేకపోవడం, తిండి మానేయడం, పుస్తకం తెరవగానే వాంతి రావడం, పరీక్షకి వెళ్లకుండా గదిలోనే ఉండిపోవడం, ఉన్నట్టుండి ఊపిరాడక ప్రాణం పోతున్నట్టు అనిపించడం, ఇవి పద్ధతులతో సర్దుకునేవి కావు. డాక్టర్‌ని కలవాలి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో మానసిక వైద్యానికే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. వెళ్లినంత మాత్రాన ఎవరూ పిచ్చి అని ముద్ర వెయ్యరు, జ్వరానికి వెళ్లినట్టే వెళ్లి రండి. రూమ్మేట్ ఇచ్చాడని దడ తగ్గే మాత్రలు మాత్రం వేసుకోవద్దు. ప్రొప్రనలాల్ లాంటి మందు ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రాణాల మీదికి తెస్తుంది, నిద్రమాత్రలైతే మర్నాడు పేపర్ ముందు కూడా మత్తులోనే ఉంచుతాయి.

మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారేమో అడగండి, లేకపోతే ఎందుకు లేరని కూడా అడగండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశంలోని విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనిపించేలా పెట్టాలని అందులో ఉంది. కాబట్టి ఇది మీరు బతిమాలుకుని అడగాల్సింది కాదు.

2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులు పడవు, భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది పరీక్ష వల్లైనా ఇంకెందువల్లైనా, ఫలితాల దాకా ఆగకుండా అప్పుడే ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యండి. మీ గదిలో ఎవరైనా "ఇక నా వల్ల కాదురా" అని పదే పదే అంటుంటే, తన వస్తువులు అందరికీ పంచేస్తుంటే, "అలాంటి ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి, అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పరీక్ష మర్నాడే అయినా సరే. పక్కన కూర్చుని మీరే 14416కి డయల్ చేసి, ఫోన్ తన చేతికివ్వండి, వార్డెన్‌నో నమ్మకమున్న లెక్చరర్‌నో లేపండి, ఎంత రాత్రైనా.